తెలుగు సైన్స్ ఫిక్షన్‌కు ముందు జాబితా కావాలి

‘కల్కి 2898 ఏడీ’ 2024లో ఆడింది. ‘ఆదిత్య 369’ 2025లో మళ్లీ థియేటర్లకొచ్చింది. దాంతో తెలుగు సైన్స్ ఫిక్షన్‌కు మంచి రోజులొచ్చాయని అందరూ సంబరపడ్డారు. ఆ సంబరం తొందరపాటని నా అభిప్రాయం. ఈ రెండు సినిమాలు మొదట విడుదలైన తేదీల మధ్య 33 ఏళ్లున్నాయి. అన్నేళ్లలో తెలుగులో ఈ తరహా కథలూ నవలలూ ఏమేం వచ్చాయో పాఠకుడు తెరిచి చూసుకోగల సమగ్ర గ్రంథం మనకు లేదు. అది లేనిదే ఎన్ని వందల కోట్లు పోసినా సంప్రదాయం ఏర్పడదు.

ఇంగ్లిష్‌లో ఆ పని పీటర్ నికల్స్ చేశాడు. ఆయన సంపాదకత్వంలో ‘ఎన్‌సైక్లోపీడియా ఆఫ్ సైన్స్ ఫిక్షన్’ 1979లో వచ్చింది. జాన్ క్లూట్‌తో కలిసి 1993లో దాన్ని బాగా పెంచాడు. 2011 నుంచి అది ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతోంది. పుస్తకాలు, సినిమాలు, టీవీ సీరియళ్లు, పత్రికలు అన్నీ అందులో ఉన్నాయి. దాని అసలు బలం మాత్రం ఇతివృత్తాల మీద రాసిన వ్యాసాలు. గతంలోకి వెళ్లి సొంత తాతనే చంపితే మనవడు ఎలా పుడతాడన్న చిక్కుముడినే తీసుకోండి. దాన్ని ఎవరెవరు ఎలా విప్పారో ఒక కొత్త రచయిత గంటలో తెలుసుకోగలడు. తెలుసుకున్నాక అదే కథ మళ్లీ రాయడు, దాన్ని దాటి రాయాల్సిందే. ఆ ప్రక్రియ ముందుకు నడిచింది ఇలాగే.

గుర్తు పెట్టుకునేవాళ్లు ఉంటే పోయినదీ దొరుకుతుంది. 1963లో మొదలైన బ్రిటిష్ సైన్స్ ఫిక్షన్ టీవీ సీరియల్ ‘డాక్టర్ హూ’ పాత ఎపిసోడ్ల టేపులను, దాన్ని ప్రసారం చేసిన బీబీసీయే చెరిపేసింది. తొంభైకి పైగా ఎపిసోడ్ల బొమ్మ పోయింది. శబ్దం మాత్రం అన్నిటిదీ మిగిలింది, అభిమానులు ఇళ్లలో టీవీ ముందు రికార్డు చేసుకున్నారు కాబట్టి!

మన దగ్గర టైమ్ మెషిన్ అనగానే ఇప్పటికీ సింగీతం శ్రీనివాసరావు గారే. కృష్ణదేవరాయల కాలాన్నీ 2504నూ ‘ఆదిత్య 369’ అనే ఒకే సినిమాలో చూపించిన ఆయన గొప్పతనాన్ని ఎవరూ కాదనలేరు. కానీ ఒక భాషలో ఒక ఊహకు ఒక్క పేరే గుర్తుండటం ఆరోగ్యం కాదు. బెంగాలీలో రచయిత అద్రీశ్ బర్ధన్ 1963లోనే ‘ఆశ్చర్య’ పేరుతో సైన్స్ ఫిక్షన్ పత్రిక నడిపాడు. మరాఠీ పాఠకులకు ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ కథలున్నాయి. బెంగాలీ రచయిత్రి బేగం రొకేయా ఇంగ్లిష్‌లో రాసిన, ఆడవాళ్లే రాజ్యమేలే ఊహాలోకపు కథ ‘సుల్తానాస్ డ్రీమ్’ 1905లో అచ్చయింది మన మద్రాసు పత్రికలోనే. ఇవాళ ప్రపంచమంతా దాని గురించి రాస్తోంది. అదే కాలంలో తెలుగు పత్రికల్లో వచ్చిన కథల్ని ఈ కన్నుతో ఎవరు వెతకాలి?

‘ముందు రాసేవాళ్లు రావాలి, జాబితాదేముంది, తర్వాత చూడొచ్చు’ అంటారు కొందరు. రాసినవాళ్లు ఉన్నారు. వాళ్లు రాసింది వారపత్రికల్లో సీరియళ్లుగా వచ్చి, పుస్తకం కాకుండానే మిగిలిపోయింది. ఆ కాగితం ముట్టుకుంటే విరిగిపోయే స్థితికి వస్తోంది, తర్వాత చూద్దామంటే చూడటానికి ఏమీ మిగలదు.

అసలు జబ్బు సైన్స్ ఫిక్షన్‌ది కాదు. 2008లో తెలుగుకు ప్రాచీన హోదా తెచ్చుకున్నాం, మంచిదే. వెయ్యేళ్ల నాటి శాసనం మీద ఉన్న గౌరవంలో పదో వంతు అయినా 1960ల నాటి వారపత్రిక మీద లేదు. డిటెక్టివ్ నవల, పిల్లల కథ, రేడియో నాటిక, అన్నిటిదీ ఇదే గతి. జనం ఎగబడి చదివినదాన్ని సాహిత్యమే కాదని పక్కన పెట్టిన పండితుల చిన్నచూపు దీనికి మూలం. వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం 1918 నుంచి పాత పత్రికల్ని కాపాడుతూ వస్తోంది. ప్రెస్ అకాడమీ ఎన్నో పాత సంచికల్ని స్కాన్ చేయించింది. కానీ స్కాన్ చేసిన పేజీలో ఏ కథ ఉందో చెప్పే సూచిక లేకపోతే అది బీరువాలో ఉన్నా ఒకటే, ఇంటర్నెట్‌లో ఉన్నా ఒకటే.

యూనివర్సిటీల తెలుగు శాఖలు పీహెచ్‌డీ విద్యార్థులకు తలా ఒక పత్రిక, ఒక దశాబ్దం అప్పగించాలి. కథ పేరు, రచయిత, సంచిక తేదీ, నాలుగు వాక్యాల్లో ఇతివృత్తం రాసి అందరికీ ఉచితంగా అందుబాటులో పెట్టాలి. దీనికి డబ్బు సినిమా నిర్మాతలే ఇవ్వాలి. కొత్త కథల కోసం హాలీవుడ్ వైపు చూస్తున్నది వాళ్లే కదా.