పాత మానిటర్‌ను తూకానికి వేసే ముందు

“కొత్త సీపీయూకి పాత వీజీఏ మానిటర్ అసలు పనిచేయదు. కన్వర్టర్ పెడితే పోర్టు కాలిపోతుంది. కాలకపోయినా బొమ్మ మసకగా వస్తుంది. హెచ్‌డీఎంఐ మానిటర్ కొనక తప్పదు.” ఈ మెసేజ్ ఒక్క వారంలో మూడు వాట్సాప్ గ్రూపుల్లో నాకు వచ్చింది. ఒక్కో మాటా చూద్దాం.

అసలు పనిచేయదట. వీజీఏ అంటే మానిటర్‌కి బొమ్మ పంపే పాత రకం పోర్టు, 1987లో ఐబీఎం కంప్యూటర్లతో వచ్చింది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకు తలా ఒక తీగ. తీగలో వోల్టేజీ 0 నుంచి 0.7 దాకా ఎంత పెరిగితే ఆ రంగు అంత వెలుగుతుంది. ఇప్పుడు దాని బదులు వాడే హెచ్‌డీఎంఐలో పోయేవి మాత్రం అంకెలు. రెంటికీ మధ్య ఒక దుబాసీ ఉంటే చాలు. కన్వర్టర్‌లో ఉండే చిప్ ఆ దుబాసీయే.

అది నాసిరకం ఏర్పాటు అనుకునేవాళ్లు తమ సీపీయూ డబ్బా వెనక మదర్‌బోర్డు పోర్టులకేసి ఒకసారి చూడాలి. 2015లో వచ్చిన ఆరో తరం ఇంటెల్ ప్రాసెసర్ల నుంచి వీజీఏ సిగ్నల్ నేరుగా రావడం ఆగిపోయింది. అయినా ఆ తర్వాతి బోర్డులు చాలావాటికి నీలం రంగు వీజీఏ పోర్టు ఉంది. ఆ దుబాసీ పని చేసే చిప్‌ను కంపెనీ వాళ్లే బోర్డు మీద అతికించారు మరి!

పుకారు ఎక్కడ పుట్టిందో నేను ఊహించగలను. పాత గ్రాఫిక్స్ కార్డులకు డీవీఐ అనే ఇంకో రకం పోర్టు ఉండేది, దానికి చిప్ లేని చిన్న బిళ్ల తగిలిస్తే వీజీఏ వచ్చేసేది. 2016లో వచ్చిన జీటీఎక్స్ 1080 గ్రాఫిక్స్ కార్డులో డీవీఐ పోర్టు ఉంది కానీ వీజీఏ సిగ్నల్ ఇచ్చే అనలాగ్ పిన్నులు తీసేశారు. పాత బిళ్ల దానికి పట్టదు. పట్టని బిళ్ల నేరం మానిటర్ నెత్తిన పడింది.

మా బాబాయి వాళ్లింట్లోనూ ఇదే గోల. తెచ్చింది వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చేది, కావలసింది దానికి తలకిందులు. ఇవి ఒకవైపే పనిచేస్తాయి. సరైనది తెచ్చాకా “నో సిగ్నల్” అనే వచ్చింది. చూస్తే ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంది. అంటే అందులో బొమ్మ తయారుచేసే గ్రాఫిక్స్ భాగం లేదు, మదర్‌బోర్డు పోర్టులో ఏ మానిటర్ పెట్టినా చీకటే. కేబుల్ తీసి కింద ఉన్న గ్రాఫిక్స్ కార్డుకి పెట్టాం, వెలిగింది. ఈలోగా మా పిన్ని పాతసామాన్ల వాడితో బేరం కూడా ఆడేసింది.

ఇక పోర్టు కాలడం. హెచ్‌డీఎంఐ పోర్టులో 5 వోల్టుల తీగ ఒకటి ఉంటుంది, కనీసం 55 మిల్లీయాంపులు ఇవ్వాలని ప్రమాణం. చాలా కన్వర్టర్లు దాంతోనే నడుస్తాయి, ఆ కాస్త కరెంటుకి పోర్టు కాలదు. అది చాలని రకాలకు పక్కన యూఎస్‌బీ పవర్ పెట్టుకునే రంధ్రం ఉంటుంది. బొమ్మ వచ్చి పోతుంటే అక్కడ పవర్ ఇచ్చి చూడండి. కన్వర్టర్ కాస్త వెచ్చబడుతుంది, దానికి టెన్షన్ అక్కర్లేదు. అసలు మానిటర్ వెనక తెల్ల డీవీఐ పోర్టు ఉంటే ఈ గొడవే లేదు. హెచ్‌డీఎంఐ–డీవీఐ మామూలు కేబుల్ చాలు, చిప్ అవసరం లేదు.

మసక మాట సగం నిజం. 17 అంగుళాల చదరపు మానిటర్లు ఎక్కువగా 1280×1024 చుక్కలవి. విండోస్‌లో వేరే కొలత ఉంటే అక్షరాలు అలుక్కుపోతాయి, లేదా “ఔట్ ఆఫ్ రేంజ్” అంటుంది. మానిటర్ సొంత కొలత, 60 హెర్ట్జ్ (సెకనుకు 60 బొమ్మలు) పెట్టి, దాని మీదున్న ఆటో బటన్ నొక్కండి. కేబుల్ మంచిదైతే 1920×1080 కూడా వీజీఏలో బాగానే వస్తుంది.

కొనక తప్పనివాళ్లూ ఉన్నారు. 144 హెర్ట్జ్‌లో గేమ్స్ ఆడాలనుకునేవాళ్లకు ఈ పాతవి చాలవు. సినిమాలకు పెట్టే కాపీ రక్షణ వీజీఏకి తెలియదు కాబట్టి, డబ్బు కట్టి చూసే కొన్ని సినిమాలు తక్కువ నాణ్యతతో రావచ్చు, అసలు రాకపోవచ్చు. ఆ రెండు చోట్ల మెసేజ్ పంపినవాళ్లతో నాకు పేచీ లేదు.