చీటీ లేని మందుకు నర్సే దిక్కు

అమెరికాలో దాదాపు 40 రాష్ట్రాలు గంజాయిని వైద్య అవసరాలకు అనుమతించాయి. అయినా అక్కడ ఏ డాక్టరూ దానికి మందుచీటీ రాయలేడు. వైద్య ప్రయోజనం లేని మాదకద్రవ్యాల సరసన గంజాయిని చేర్చింది 1970 నాటి ఫెడరల్ (కేంద్ర) చట్టం. ఆ వర్గీకరణను సడలించేందుకు 2024లో ప్రతిపాదన వచ్చినా, రోగికి ఫలానా జబ్బు ఉందని ధ్రువపత్రం ఇవ్వడంతోనే వైద్యుడి పాత్ర ముగిసిపోతోంది. ఆ కాగితంతో రోగి దుకాణానికి వెళ్తాడు. ఎంత మోతాదు, ఏ పూట, ఏ రూపంలో తీసుకోవాలన్న ప్రశ్నలకు చాలాచోట్ల జవాబు చెబుతున్నది కౌంటర్ వెనుక నిలబడిన అమ్మకందారు. అతడికి రోగి వాడుతున్న బీపీ మాత్రల సంగతి తెలియదు, తెలుసుకోవాల్సిన బాధ్యతా లేదు. డాక్టరు సంతకానికీ దుకాణం బల్లకూ మధ్య మిగిలిపోయిన ఈ ఖాళీని పూరించగల మనిషి నర్సు ఒక్కరే.

అక్కడి నర్సింగ్ బోర్డుల జాతీయ మండలి ఈ సంగతిని 2018లోనే గుర్తించి మార్గదర్శకాలు వెలువరించింది. చట్టం ఏ రాష్ట్రంలో ఎలా ఉంది, శరీరంలో ఈ పదార్థం ఎలా పనిచేస్తుంది, ఎవరికి ప్రమాదం అన్న విషయాలు ప్రతి నర్సుకూ తెలిసి ఉండాలని చెప్పింది. స్థానిక చట్టం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప నర్సు తన చేత్తో రోగికి గంజాయి ఇవ్వకూడదనీ హద్దు గీసింది. వీటన్నిటి కన్నా విలువైనది మరో సూచన: రోగిని తప్పొప్పుల తక్కెడలో తూచకుండా మాట్లాడాలి. గంజాయి వాడే రోగుల సంరక్షణను 2023లో అమెరికన్ నర్సుల సంఘం ప్రత్యేక నర్సింగ్ విభాగంగా గుర్తించింది కూడా. గంజాయి మంచిదా చెడ్డదా అనే వాదనలో నర్సు ఏ పక్షమూ వహించనక్కర్లేదు. రోగి ఇప్పటికే వాడుతున్నాడు. ఆమె మాట్లాడవలసింది ఆ వాడకం గురించి.

ఆ మాటల అవసరం ఎంతటిదో తెలియాలంటే ఒక్క గంజాయి గమ్మీని చూస్తే చాలు. పిల్లలు చప్పరించే జెల్లీ బిళ్లలా ఉంటుంది. కాలిఫోర్నియా నిబంధనల ప్రకారం ఒక బిళ్లలో మత్తు కలిగించే టీహెచ్‌సీ 10 మిల్లీగ్రాములకు మించరాదు. కొత్తగా మొదలుపెట్టే వృద్ధులు అందులో పావు వంతు, అంటే రెండున్నర మిల్లీగ్రాములు మించకుండా మొదలుపెట్టడం మంచిది. పొగ పీలిస్తే నిమిషాల్లో తెలిసే ప్రభావం, తింటే తెలియడానికి అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. మోకాళ్ల నొప్పితో నిద్రపట్టని పెద్దావిడ రాత్రి 9 గంటలకు ఒకటి వేసుకుని, పది దాటినా ఏమీ కాలేదని మరొకటి వేసుకుంటే, రెండూ కలిసి నడిరాత్రి తలకెక్కుతాయి. బాత్రూముకు లేచినప్పుడు కళ్లు తిరిగి పడి తుంటి విరిగితే, మందు పనిచేయలేదని ఎవరూ అనలేరు. రెండు గంటలు ఆగమ్మా, అప్పటిదాకా రెండోది ముట్టుకోకు అన్న ఒక్క మాట ముందే చెప్పి ఉంటే ఈ ప్రమాదం తప్పేది.

మందుకూ మందుకూ పడని సంగతి ఇంకా చిక్కైనది. డ్రావె, లెన్నాక్స్-గాస్టో అనే తీవ్రమైన మూర్ఛ వ్యాధులకు గంజాయి మొక్క నుంచి తీసిన, మత్తు కలిగించని సీబీడీ అనే పదార్థపు ద్రావణం ఎపిడియోలెక్స్‌ను 2018 జూన్‌లో అమెరికా ఔషధ సంస్థ ఆమోదించింది. అదే మూర్ఛకు వాడే క్లోబజామ్‌తో కలిస్తే అది మగతను బాగా పెంచుతుంది. మరో మూర్ఛ మందు వాల్‌ప్రోయేట్‌తో కలిస్తే కాలేయ పరీక్షలు మరింత తరచుగా చేయించాలి. రక్తం పలచబరిచే వార్ఫరిన్ వాడేవారికీ హెచ్చరిక అవసరమే. ఇక ప్రయోజనం విషయానికొస్తే, పెద్దల దీర్ఘకాలిక నొప్పికి, కీమోథెరపీ వికారానికి, మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బులో కండరాల బిగుతుకు తగినంత ఆధారం ఉందని 2017లో అమెరికా జాతీయ అకాడమీలు తేల్చాయి. సర్వరోగ నివారిణి అని దుకాణాల్లో వినిపించే ప్రచారానికి ఇది చాలా దూరం.

అక్కడి తెలుగు ఇళ్లకు ఈ విషయం పరాయిది కాదు. పిల్లల దగ్గరికి ఆరు నెలలు వెళ్లిన తల్లిదండ్రుల కీళ్లనొప్పికి ఎవరో ఒకరు ఈ నూనెలో బిళ్లలో సూచిస్తూనే ఉంటారు. రాష్ట్రంలో చట్టబద్ధమే కదా అనుకోవడం సహజమే కానీ, ఫెడరల్ చట్టం దృష్టిలో నేరమైనది పౌరసత్వ దరఖాస్తులో సత్ప్రవర్తనకు అడ్డంకి కావచ్చని అక్కడి వలస శాఖ 2019లో స్పష్టం చేసింది. మిగిలిన బిళ్లలు సూట్‌కేసులో వేసుకుని శంషాబాద్‌లో దిగితే ఎదురయ్యేది 1985 నాటి మన మాదకద్రవ్యాల చట్టం. ఈ రెండు హెచ్చరికలూ రోగికి చెప్పవలసిన వాటిలో భాగమే.

మన దగ్గర పరిస్థితి వేరు, ఖాళీ మాత్రం ఒకటే. 1985 చట్టం గంజాయి పూతను, చరస్‌ను నిషేధించింది, విడి ఆకును ఆ నిర్వచనం నుంచి మినహాయించింది. ఆ ఆకుతో విజయ పేరిట ఆయుర్వేద లైసెన్సుపై తయారయ్యే నూనెలు వైద్యుని పర్యవేక్షణలో వాడవలసిన మందులు. ఆన్‌లైన్‌లో తెప్పించుకుని సీసా దిండు కింద పెట్టుకున్న క్యాన్సర్ రోగి, ఆ సంగతి తనకు చికిత్స చేస్తున్న డాక్టరుకు చెప్పడానికి జంకుతాడు. పాడేరు ఏజెన్సీలో పోలీసులు తోటలు నరికి తగలబెడుతున్న, నగరంలో గంజాయి చాక్లెట్లు పట్టుబడుతున్న రోజుల్లో ఆ జంకు అర్థం చేసుకోదగినదే. ఆసుపత్రిలో దీని ఊసెత్తడమే ప్రోత్సాహం అవుతుందన్న అభ్యంతరమూ వినిపిస్తుంది. ప్రోత్సాహం ఎలా అవుతుందో మాకు బోధపడదు. ఆసుపత్రి మౌనంగా ఉన్నంతకాలం రోగి వినేది అమ్మేవాడి మాటే.

ఇంతకన్నా భయపెట్టే మందు విషయంలో మన నర్సులు ఈ పని చేసి చూపించారు. 1985 చట్టానికి 2014లో చేసిన సవరణ అత్యావశ్యక మాదక ఔషధాలనే వర్గాన్ని తెచ్చి, నల్లమందు నుంచి తీసే నొప్పి మందు మార్ఫిన్ వంటి వాటికి అనుమతులను సులువు చేసింది. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి వంటి చోట్ల బాధను తగ్గించడమే లక్ష్యమైన పాలియేటివ్ విభాగాల్లో మార్ఫిన్ మాత్రలను నాలుగు గంటలకొకటి చొప్పున నొప్పి తిరగబెట్టకముందే ఎలా వేయాలో, మలబద్ధకానికి వెంట ఏ మందు వాడాలో, అలవాటు పడిపోతారన్న భయం ఎందుకు అక్కర్లేదో, మిగిలిన మాత్రలను ఎక్కడ భద్రపరచాలో ఇంటివాళ్లకు పూసగుచ్చినట్టు చెబుతున్నది నర్సులే. ఆ ఓపికా ఆ పద్ధతీ ఇక్కడా పనికొస్తాయి. రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు కొత్త పథకాలేవీ ప్రకటించనక్కర్లేదు. క్యాన్సర్, నరాల, మానసిక వైద్య వార్డుల్లో నర్సులకు ఒక పూట శిక్షణ ఇప్పించి, కేస్ షీటులో పొగాకు, మద్యం వరుసల కింద ఇంకో వరుస చేర్చాలి: విజయ నూనె గానీ, గంజాయితో చేసిన మరేదైనా గానీ వాడుతున్నారా, వాడితే ఎంత, ఎప్పటి నుంచి? ఆ సమాధానం చికిత్స కోసమే తప్ప పోలీసుల కోసం కాదన్న హామీ కూడా ఆ వరుస పక్కనే అచ్చులో ఉండాలి.