గోప్యత ఎవరి కోసం?

పేరు బయటికి రాదన్న భరోసాతోనే చాలామంది మహిళలు పిల్లల్లేని జంటల కోసం అండదానానికి ఒప్పుకుంటారు. పది పన్నెండు రోజులు హార్మోన్ ఇంజెక్షన్లు, ఆపైన మత్తు ఇచ్చి అండాలు తీయడం. ఇంత బాధా పడుతూ, అత్తింట్లో తెలిస్తే ఏమంటారోనన్న టెన్షన్ కూడా మోయాలంటే ఎవరి వల్ల అవుతుంది? ఆ గోప్యత దక్కాల్సిందే. మా అభ్యంతరమల్లా ఆమె కొంగు చాటున ఏజెంట్లు, సంతాన సాఫల్య సెంటర్లు దాక్కోవడం మీదే.

2022లో తమిళనాడులోని ఈరోడ్‌లో బయటపడ్డ దందా గుర్తుందా? పదహారేళ్ల అమ్మాయికి నకిలీ ఆధార్‌తో వయసు పెంచి పలుమార్లు అండాలు తీయించారు. కన్నతల్లే అరెస్టయింది. దర్యాప్తు తిరుపతిలోని ఒక సెంటర్‌ దాకా వచ్చింది. అండాలకు ధర కట్టినవారి పేర్లూ అన్నాళ్లూ గుట్టుగానే ఉన్నాయి. మన సెంటర్ల ‘రహస్యం’ కాపాడింది వాళ్లనే, ఆ పిల్లను కాదు.

ఐవీఎఫ్ లాంటి సంతాన చికిత్సలను నియంత్రించే సహాయక పునరుత్పత్తి చట్టం 2022 జనవరిలో అమల్లోకి వచ్చింది. డోనర్ వయసు 23 నుంచి 35 మధ్య ఉండాలి, జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి, ఏడు అండాలకు మించి తీయకూడదు, ఒకరి అండాలు ఒక్క జంటకే చేరాలి అంటుంది. అండాల అమ్మకాన్ని నిషేధించింది. మంచిదే. కానీ ఈ ఊళ్లో ఇచ్చిన మనిషి పక్క జిల్లాలో మళ్లీ ఇస్తే పట్టుకునేదెవరు? డోనర్ ఆధార్ నంబరు తీసుకోవాలని చట్టం చెబుతోంది, ఈరోడ్‌లో మోసం జరిగింది ఆధార్ కార్డుతోనే. ఈ చికిత్సల వివరాలు ఉండే జాతీయ రిజిస్ట్రీలో ఆ నంబరు అప్పటికప్పుడు సరిచూశాకే ఇంజెక్షన్ మొదలుపెట్టాలి. వావివరసలు చూడనిదే పెళ్లిమాట ఎత్తని సమాజం మనది. ‘ఒక్క జంటకే’ అన్న నియమం తప్పితే ఏమవుతుందో విడమరిచి చెప్పాలా?

ఇక ఆ బిడ్డ సంగతి. డోనర్ వివరాలు రిజిస్ట్రీకి ఇవ్వొచ్చు, కోర్టు అడిగితే ఇవ్వొచ్చు, వైద్యపరంగా అత్యవసరమైతే దంపతులు అడిగినా ఇవ్వొచ్చు. పెరిగి పెద్దయిన బిడ్డ అడిగితే? చట్టం ఆ మాటే ఎత్తలేదు. పేరు, చిరునామా మినహా మిగతా వివరాలు పద్దెనిమిదేళ్లు నిండిన బిడ్డకు ఇవ్వొచ్చని 2005లోనే భారత వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాల్లో ఉంది. చట్టం చేసేటప్పటికి అది జారిపోయింది. 2005 ఏప్రిల్ తర్వాత నమోదైన డోనర్ల పేరు కూడా పద్దెనిమిదేళ్లకు బిడ్డ తెలుసుకోవచ్చని బ్రిటన్ నిర్ణయించింది. మనం అంత దూరం వెళ్లాలని మేం అనడం లేదు. ఇక్కడ డోనర్‌గా వచ్చేవారిలో చాలామంది ఇల్లు గడవక వచ్చినవారే. వాళ్ల గడప తొక్కే హక్కు ఎవరికీ ఇవ్వకూడదు. షుగర్, గుండెజబ్బు, క్యాన్సర్ లాంటి కుటుంబ ఆరోగ్య చరిత్ర మాత్రం బిడ్డకు దక్కాలి. ‘మీ అమ్మగారి వైపు ఎవరికైనా ఉందా?’ అని డాక్టర్ అడిగినప్పుడు తప్పుడు జవాబు చెప్పే పరిస్థితి రాకూడదు.

ఇంకోటి. 2025లో సికింద్రాబాద్ సరోగసీ మోసం బయటపడింది, చేతికిచ్చిన బిడ్డ తమది కాదని ఒక జంట చేయించిన డీఎన్‌ఏ పరీక్షలో తేలడంతోనే. ఆ పరీక్ష ఇప్పుడు ఎవరైనా చేయించుకోవచ్చు, బిడ్డ డీఎన్‌ఏ డోనర్ బంధువులతో కలిస్తే ఆమె ఎవరో తేలిపోవచ్చు. ‘మీ పేరు ఎప్పటికీ తెలియదు’ అన్న హామీ ఇక ఏ సెంటరూ నిలబెట్టుకోలేదు. ఆ సంగతి అంగీకార పత్రంలో, డోనర్ చదవగలిగే తెలుగులో, మొదటి ఇంజెక్షన్‌కు ముందే రాసి ఉండాలి.