పాత బ్యాటిల్ రైఫిల్ కొంటే షూటర్ అయిపోతారన్న మెసేజ్‌కు జవాబు

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ వాట్సాప్ గ్రూపుల్లో ఒక వీడియో తిరుగుతోంది. పాలమూరు వైపు కూడా బాగానే పాకింది. చెక్క బట్ (భుజానికి ఆనించే వెనక భాగం) ఉన్న పాత రైఫిల్‌తో ఒక అమెరికా ఆయన దూరాన ఉన్న టార్గెట్‌ను వరసగా కొడుతుంటాడు. కింద తెలుగులో పెద్ద మెసేజ్. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: "పిల్లలు షూటింగ్‌లో పైకి రావాలంటే ఎయిర్ గన్‌తో టైం వేస్ట్ చేయకండి. ఎస్‌ఎల్‌ఆర్ లాంటి పాత సెమీ ఆటోమేటిక్ బ్యాటిల్ రైఫిల్ స్పోర్ట్స్ లైసెన్సు మీద దొరుకుతుంది. బట్, ట్రిగ్గర్ మార్పించి స్కోప్ బిగిస్తే అదే ఒలింపిక్ రైఫిల్. పంట మీద పడే పందులకూ పనికొస్తుంది. సాయుధ పోరాటపు గడ్డ మనది, తుపాకీ మనకు కొత్త కాదు. అడ్వాన్స్ పంపితే బుక్ చేస్తాం."

నేను ఇక్కడ పిల్లలకు ఎయిర్ రైఫిల్ నేర్పిస్తాను. ఈ మెసేజ్ చూపించి "నిజమేనా సార్?" అని తల్లిదండ్రులు అడుగుతున్నారు. అప్పు చేసైనా కొందామనుకునే వాళ్లూ ఉన్నారు. అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

మొదట లైసెన్సు సంగతి. ఎస్‌ఎల్‌ఆర్ (సెల్ఫ్ లోడింగ్ రైఫిల్) అంటే బెల్జియం వాళ్ల ఎఫ్‌ఏఎల్ రైఫిల్‌కు మన దేశపు రూపం, పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారైంది. తూటా 7.62 ఎంఎం. సైన్యం చేతిలోకి ఇన్సాస్ అనే కొత్త రైఫిల్ వచ్చాక పోలీసు గార్డుల భుజాన మనం చూసేది ఎక్కువగా ఇదే. ఆయుధ నిబంధనల్లో .303, 7.62 బోరు (గొట్టం లోపలి కొలత) రైఫిళ్లకు, సైన్యం వాడే ఆ సర్వీసు తూటా పట్టే ఏ రైఫిల్‌కైనా వేరే కేటగిరీ ఉంది. సెమీ ఆటోమేటిక్ (తర్వాతి తూటా దానంతటదే ఎక్కేది) మాత్రమే కాదు, బోల్ట్ యాక్షన్ (ప్రతి తూటాకూ చేత్తో బోల్టు లాగేది) అయినా అందులోకే వస్తుంది. జిల్లాలో మామూలు లైసెన్సు అడిగినట్టు అడిగితే వచ్చేది కాదు. ఈ కట్టుబాటు బ్రిటిష్ వాళ్ల కాలం నుంచీ ఉంది. సైన్యం తూటా జనం చేతిలో పడకూడదనే అప్పట్లో .315 బోరు స్పోర్టింగ్ రైఫిల్ తెచ్చారు. ఇప్పటికీ కొందరు పాత లైసెన్సుదారుల ఇళ్లలో ఉండేది అదే. పైగా మామూలుగా 21 ఏళ్లు నిండనిదే ఎవరి పేరు మీదా తుపాకీ లైసెన్సు రాదు. పదో తరగతి పిల్లవాడి కోసం బ్యాటిల్ రైఫిల్ అన్నప్పుడే ఆ మెసేజ్ రాసినవాళ్లకు చట్టం తెలియదని అర్థమవుతుంది, లేదా తెలిసే రాశారు.

"బట్, ట్రిగ్గర్ మార్పించి" అన్న మాట ఇంకా ప్రమాదం. 1959 నాటి ఆయుధ చట్టం 5వ సెక్షన్ ప్రకారం తుపాకీ తయారీ, అమ్మకమే కాదు, మార్చడం, రిపేరు చేయడం కూడా లైసెన్సు ఉన్నవాళ్లే చేయాలి. 2019 సవరణ తర్వాత దాన్ని మీరితే శిక్ష కనీసం ఏడేళ్లు, జీవిత ఖైదు దాకా వెళ్లొచ్చు. "మా దగ్గర మంచి మెకానిక్ ఉన్నాడు" అని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ఇక అసలు విషయం. వీడియోలోని మనిషి చేస్తున్నది అబద్ధం కాదు. అమెరికాలో సర్వీస్ రైఫిల్ పోటీలని ఉన్నాయి. ఒహాయో రాష్ట్రంలోని క్యాంప్ పెర్రీలో 200, 300, 600 గజాల దూరంలో కొడతారు. 1936లో వాళ్ల సైన్యం తీసుకున్న ఎం1 గరాండ్, 1957లో వచ్చిన ఎం14, దాని సివిలియన్ రూపమైన ఎం1ఏ, వీటితో దశాబ్దాల పాటు పోటీపడ్డారు. అక్కడి చట్టం వేరు, ఆ పోటీ వేరు. కానీ స్కోప్ బిగిస్తే చాలు, గురి దానంతటదే వస్తుందన్న మాట అక్కడా చెల్లదు.

ఎందుకో చెబుతాను. ఎం1ఏ లోహపు భాగం చెక్క స్టాక్‌లో (రైఫిల్ చెక్క చట్రంలో) కూర్చుంటుంది. వానాకాలం చెక్క ఉబ్బుతుంది, ఎండాకాలం కుదించుకుపోతుంది. ఆ భాగం వెంట్రుకవాసి కదిలినా తూటా పడే చోటు మారుతుంది. అందుకే పోటీకి వాడేవాళ్లు చెక్కకూ లోహానికీ మధ్య ఎపాక్సీ పోసి, కదలకుండా అచ్చులా కూర్చోబెడతారు. దాన్ని బెడ్డింగ్ అంటారు. క్లీనింగ్ కోసం ఊడదీసి పెట్టిన ప్రతిసారీ ఆ బెడ్డింగ్ కొంచెం కొంచెం అరుగుతుంది కాబట్టి అవసరం లేకుండా విప్పరు. బ్యారెల్ (తూటా వెళ్లే గొట్టం) కింద వేలాడే గ్యాస్ సిలిండర్ భాగాలు వదులుగా ఉంటే వాటినీ బిగించాలి, సైట్లు (గురి చూసే భాగాలు) కూడా సన్నటి క్లిక్కులవి పెట్టుకోవాలి. ఇంతా చేస్తే అది మంచి రైఫిల్ అవుతుంది.

ఎస్‌ఎల్‌ఆర్ కుటుంబానికి ఆ అవకాశం కూడా తక్కువ. క్లీనింగ్ కోసం అది మడత కీలు దగ్గర పైభాగం, కింది భాగం అని రెండుగా తెరుచుకుంటుంది. వెనక సైటు కింది భాగం మీద, ముందు సైటు బ్యారెల్ వైపు ఉంటాయి. రెండు భాగాలూ కలిసే చోట అరుగుదల వస్తే రెండు సైట్ల వరస కూడా కదులుతుంది. స్కోప్ పెట్టాలంటే పైనున్న రేకు మూత మీద బిగించాలి. ఆ మూత గట్టిగా కూర్చోకపోతే నిన్న పెట్టిన జీరో (గురి చూసిన చోటే తూటా పడేలా చేసిన సర్దుబాటు) ఇవాళ ఉండదు. యుద్ధంలో బురదలో, దుమ్ములో నమ్మకంగా పేలడం కోసం చేసిన తుపాకీ అది. ఆ పని గొప్పగా చేసింది. కాగితం మీద పది కొట్టడం దాని పని కాదు.

లెక్క వేసి చూద్దాం. మామూలు మిలిటరీ తూటాలతో ఇలాంటి పాత రైఫిల్ 100 మీటర్ల దగ్గర తొమ్మిది సెంటీమీటర్ల గ్రూపింగ్ (వరసగా కొట్టిన తూటాలు పడిన చోటు వెడల్పు) ఇచ్చిందనుకోండి, అదేం చెడ్డ గ్రూపింగ్ కాదు. 300 మీటర్లకు వచ్చేసరికి అది 27 సెంటీమీటర్లు అవుతుంది. అంతర్జాతీయ 300 మీటర్ల టార్గెట్‌లో పది వలయం వెడల్పు 10 సెంటీమీటర్లు, ఎనిమిది వలయం 30. అంటే షూటర్ ఏ తప్పూ చేయకపోయినా రైఫిల్ ఒక్కటే ఎనిమిది దాకా జార్చేస్తుంది.

ఇక "అదే ఒలింపిక్ రైఫిల్" అన్నారు. ఒలింపిక్స్‌లో 300 మీటర్ల రైఫిల్ పోటీ 1972 తర్వాత లేదు. ఇప్పుడున్నవి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్, 50 మీటర్ల .22 రైఫిల్ త్రీ పొజిషన్స్ (మోకాలి మీద, పడుకుని, నిలబడి కొట్టేది). రెండింటిలోనూ స్కోప్ పెట్టనివ్వరు, చిన్న రంధ్రంలోంచి చూసే పీప్ సైటే. సెమీ ఆటోమేటిక్ వేగంతో పనే లేదు. ఎయిర్ రైఫిల్‌లో 60 షాట్లకు 75 నిమిషాలు ఇస్తారు.

ఎయిర్ గన్ టైం వేస్ట్ అట. ఈ మాట నాకు నిజంగా బాధ కలిగించింది. 10 మీటర్ల టార్గెట్ మధ్యలో ఉండే పది చుక్క వెడల్పు అర మిల్లీమీటరు, ఆవగింజ కన్నా చిన్నది. నిలబడి, దేనికీ ఆనుకోకుండా దాన్ని కొట్టాలి. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారు పతకం, 2012లో లండన్‌లో మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం తెచ్చింది ఎయిర్ రైఫిల్‌తోనే. వినికిడి లేని హైదరాబాద్ కుర్రాడు ధనుష్ శ్రీకాంత్ 2022లో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్లింపిక్స్‌లో స్వర్ణం గెలిచిందీ దాంతోనే. పెద్ద తుపాకీతో మొదలుపెట్టిన పిల్లలకు ఏమవుతుందంటే, ఆ శబ్దానికి, భుజం మీద పడే దెబ్బకు ట్రిగ్గర్ నొక్కకముందే కళ్లు మూసుకోవడం, భుజం బిగించడం అలవాటవుతుంది. ఆ అలవాటు పోగొట్టడం చాలా కష్టం.

పందుల సంగతి ఒక్క మాటలో: అచ్చంపేట, దేవరకొండ వైపు పల్లి రైతు ఎంత నష్టపోతున్నాడో నాకు తెలుసు. కానీ క్రీడ పేరుతో తీసుకున్న తుపాకీ టార్గెట్ కోసమే. దాంతో అడవి జంతువును కొడితే వన్యప్రాణి చట్టం కేసు కూడా అవుతుంది. పందుల బెడదకు అటవీ శాఖ అనుమతి దారి వేరే ఉంది.

సాయుధ పోరాటాన్ని ఇందులోకి లాగడం మాత్రం నేను ఒప్పుకోను. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగినప్పుడు ఊరి జనం చేతుల్లో ఉన్నవి కర్రలు, వడిసెలలు. తర్వాత పట్టిన తుపాకులు కూడా భూమి కోసం, ప్రాణం కాపాడుకోవడం కోసం పట్టారు. వాళ్ల పేరు చెప్పి అడ్వాన్సులు వసూలు చేయడం ఆ మనుషుల్ని అవమానించడమే.

మరి తుపాకీలో మార్చుకోవలసింది ఏమీ లేదా? ఉంది, చాలా ఉంది, ఎయిర్ రైఫిల్‌లోనే. మ్యాచ్ రైఫిల్‌కు చెంప ఆనే చీక్ పీస్ పైకీ కిందికీ జరుగుతుంది. బట్ ప్లేట్ పొడవు మారుతుంది, ట్రిగ్గర్ వేలికి దగ్గరగా జరుగుతుంది. నా దగ్గర నేర్చుకునే ఒక అమ్మాయి తల వంచి, మెడ పక్కకు లాగి సైట్ చూసేది. షాట్లన్నీ ఎడమకు పడేవి. చీక్ పీస్ కొద్దిగా పైకి లేపి, బట్‌లో ఒక స్పేసర్ (పొడవు కోసం మధ్యలో పెట్టే పలక) తగ్గించాం. మెడ నిటారుగా నిలబడింది, కళ్లు మూసి తెరిచినా సైటు అక్కడే ఉంది, గ్రూపింగ్ మధ్యకు వచ్చేసింది. రైఫిల్‌ను మనిషికి తగ్గట్టు సర్దడం అంటే ఇదే. దీనికి మెకానిక్ అక్కర్లేదు, ఒక అలెన్ కీ చాలు. 20 జౌళ్ల లోపు శక్తి ఉండే .177 ఎయిర్ రైఫిల్‌కు ఆయుధ లైసెన్సు కూడా అక్కర్లేదు. మొదట్లో కొనే పని కూడా లేదు, రేంజ్‌లో ఉన్న రైఫిల్‌తోనే నేర్చుకోవచ్చు. ఎన్‌సీసీలో ఉన్న పిల్లలకు .22 రైఫిల్ కూడా చేతికి వస్తుంది. పట్టు చిక్కాక గచ్చిబౌలి వైపు రేంజ్‌కు వెళ్లి చూపించండి, అక్కడి కోచ్‌లు ఎత్తు, భుజం కొలత చూసి ఏ రైఫిల్ తీసుకోవాలో చెబుతారు.

చివరగా ఆ అడ్వాన్స్. ఆయుధాల డీలర్‌కు లైసెన్సు ఉంటుంది, షాపు ఉంటుంది, కొనేవాడి లైసెన్సు చూడకుండా సరుకు చూపించడు. ఫోన్ నంబరుకు డబ్బు పంపితే బుక్ అయ్యే రైఫిల్ ఏదీ లేదు. ఇప్పటికే పంపి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి, ఆ మెసేజ్‌నూ పేమెంట్ స్క్రీన్‌షాట్‌నూ డిలీట్ చేయకుండా దాచి పోలీస్ స్టేషన్‌లో చూపించండి.