‘నాలుగు రోజులు వదిలేస్తే అదే తింటుంది’ అంటున్నారా?

శ్రీకాకుళం, విజయనగరం వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ఆడపిల్లలు తిండి మానేయడం పట్నం ఫ్యాషనట. చోడి అంబలి తాగే ఇళ్లలో ఇలాంటివి లేవట. తప్పంతా తల్లి గారాబానిదట. నాలుగు రోజులు వదిలేస్తే ఆకలేసి అదే తింటుందట, లేదంటే కూర్చోబెట్టి దండిగా పెట్టేయాలట.

ఫ్యాషనే అయితే, 1873లో లండన్ వైద్యుడు విలియం గల్, తిండి మానేసి చిక్కిపోయే ఈ జబ్బుకి ‘అనొరెక్సియా నెర్వోసా’ అని పేరెలా పెట్టాడు? అప్పటికి టీవీయే లేదు.

ఇక అంబలి ఇళ్ల సంగతి: అక్కడ ఉన్నా గుర్తుపట్టకపోవచ్చు. మన దేశంలో ఈ జబ్బున్నవాళ్లు కొందరు ‘లావైపోతాను’ అనరు. ‘ఆకల్లేదు, కడుపుబ్బరంగా ఉంది’ అంటారు. దాంతో గ్యాస్ మాత్రలతోనో తాయెత్తుతోనో నెలలు గడిచిపోతాయి. (టీబీ, థైరాయిడ్ ఉన్నాయేమో ముందు చూపించుకోవాలి, అది వేరే మాట.) మగపిల్లలకీ వస్తుంది. బరువు మామూలుగా ఉన్నవాళ్లకీ తిండి జబ్బు వస్తుంది: బులీమియా అనే మరో జబ్బులో బోలెడు తినేసి, చాటుగా వాంతి చేసుకుంటారు. పొటాషియం పడిపోయి గుండె లయ తప్పేదాకా ఇంట్లో తెలియకపోవచ్చు.

అసలు ప్రమాదం చివరి రెండు సలహాల్లో ఉంది. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లకి ఆరు నెలలు తిండి బాగా తగ్గించి చూశారు. పగలూ రాత్రీ తిండి ధ్యాసే, చిరాకు, దిగులు. కడుపు మాడితే మనసూ చెడుతుంది. అలాంటప్పుడు ఇంకా మాడ్చితే బుద్ధెలా వస్తుంది?

పోనీ దండిగా పెడదామా? వారాల తరబడి సరిగా తినని ఒంట్లోకి అన్నం, స్వీట్లు ఒక్కసారిగా వెళ్తే ఇన్సులిన్ పెరుగుతుంది. రక్తంలోని ఫాస్ఫేట్, పొటాషియం కణాల్లోకి పోయి ప్రాణం మీదికి రావచ్చు. దీన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. అందుకే బాగా చిక్కిపోయినవాళ్లకి రక్త పరీక్షలు చేయిస్తూ, డాక్టరు చెప్పిన కొలతతో తిండి పెంచాలి.

తల్లిని ఆడిపోసుకోవడం మరీ అన్యాయం. పిల్లల అనొరెక్సియాకి బాగా పనిచేసే చికిత్సల్లో ఒకటి, లండన్ మాడ్‌స్లీ ఆసుపత్రిలో మొదలైంది, అమ్మానాన్నల మీదే నడుస్తుంది. కొన్నాళ్లు ఏం తినాలో, ఎంత తినాలో వాళ్లే చూసుకుంటారు, తిట్లూ దెబ్బలూ లేకుండా. బులీమియాకి ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే సీబీటీ అనే కౌన్సెలింగ్, అవసరమైతే ఫ్లూక్సెటిన్ మాత్రలు ఉన్నాయి.

పిల్ల కళ్లు తిరిగి పడిపోతున్నా, నాడి బాగా నెమ్మదించినా వెంటనే జిల్లా ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి. మానసిక వైద్యానికి విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. ముందు ఎవరితోనైనా మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, తెలుగులోనే, ఉచితంగా.