రిటర్న్ 300 అంటే 44

ఈ వారంలో ఇది నాలుగోసారి. ‘బ్యాష్ ఫంక్షన్ల గురించి ఐదు నిజాలు’ అనే సందేశం మళ్లీ వచ్చింది. (బ్యాష్ అంటే లినక్స్ కంప్యూటర్లకు ఆదేశాలిచ్చే భాష, ఫంక్షన్ అంటే పేరు పెట్టి దాచుకున్న ఆదేశాల గుత్తి.) ఈసారి పంపింది అంబాజీపేటలో ఒక కొబ్బరి వ్యాపారి దగ్గర లెక్కలు చూసే మా బావమరిది. కింద చేతులు జోడించిన బొమ్మ కూడా పెట్టాడు.

‘ఫంక్షన్‌ను ఫైల్లో ఎక్కడ రాసినా సరే, ఎక్కడి నుంచైనా పిలవవచ్చు.’ బ్యాష్ పైనుంచి చదువుతూ, చదివింది చదివినట్టే అమలు చేస్తుంది. నిర్వచనం కంటబడకముందే పిలిస్తే అలాంటి ఆదేశమే లేదంటుంది.

‘ముందు ఫంక్షన్ అనే మాట తప్పనిసరి.’ కాదు. పైగా ఉబుంటులో ఎస్‌హెచ్ పేరుతో నడిచే, బ్యాష్ లాంటిదే అయిన డ్యాష్‌కు ఆ మాటే తెలియదు.

‘లోపలి వేరియబుల్ లోపలే ఉంటుంది.’ వేరియబుల్ అంటే విలువను దాచుకునే పేరు. అది లోపలే ఉండేది దాని ముందు లోకల్ అని రాస్తేనే. లేకపోతే గట్టు వేయని మడిలో నీరే, పక్క చేలోకి పోతుంది.

‘లెక్కవేసిన విలువను రిటర్న్‌తో పంపండి.’ నా కోపమంతా దీని మీదే. బ్యాష్‌లో రిటర్న్ చెప్పేది పని జరిగిందా లేదా అన్నదే. 0 అంటే జరిగింది. దానికున్న చోటు 0 నుంచి 255 వరకే. మించితే 256తో భాగించగా మిగిలిన శేషం చేతికొస్తుంది. మావాడి ఫంక్షన్ రోజూ వచ్చిన కురిడీ బస్తాలు లెక్కపెడుతుంది. 180, 210, 240 వచ్చినన్నాళ్లూ భేషుగ్గా నడిచింది. 300 వచ్చిన రోజున 44 అంది. హెచ్చరిక లేదు, గొణుగుడు లేదు. మిగతా 256 బస్తాలు గోదావరిలో కలిశాయా అని పాపం కూలీలను నిలదీశాడు. సరిగ్గా 256 వచ్చి ఉంటే సున్నా అనేది, అంటే పని దిగ్విజయం! ఈ నిజం కనిపెట్టిన మహానుభావుడు రెండు చేతుల్లో పట్టినన్ని కాయలతోనే పరీక్షించి ఉంటాడు. విలువ కావాలంటే ఎకో అనే ముద్రించే ఆదేశంతో బయటకు పంపి, పిలిచినచోట $( )తో పట్టుకోవాలి.

‘ఫంక్షన్లు నెమ్మది, అదే కోడ్‌ను పదిచోట్ల అతికించండి.’ నవ్వి వదిలేద్దామనుకున్నాను. తీరా చూస్తే, నేను పైన చెప్పిన $( ) ప్రతిసారీ కొత్త ప్రాసెస్‌ను, అంటే విడిగా నడిచే మరో బ్యాష్ నకలును పుట్టిస్తుంది. వేల వరుసల ఫైల్లో ఒక్కో వరుసకూ పిలిస్తే నత్తనడకే. ఒప్పుకుంటున్నాను, నెమ్మది నిజమే. అయితే ఆ నేరం పట్టుకునే పద్ధతిది. ఫలితాన్ని ఒక వేరియబుల్‌లో పెడితే ఆ భారం ఉండదు. 2025లో వచ్చిన బ్యాష్ 5.3లో కొత్త ప్రాసెస్ లేకుండా పట్టుకునే రూపమూ ఉంది. అతికించడమంటారా, బస్తా తూకం మారిన రోజున పదిచోట్లా దిద్దాలి. మావాడు తొమ్మిదిచోట్ల దిద్దాడు.