కొరికేది దీపం పురుగు కాదండీ

దీపాల చుట్టూ తిరిగే రెక్కల పురుగులే పట్టుచీరలు కొరికేస్తాయని, సాయంత్రం కిటికీలు మూసుకోమని ఒక వ్యాసంలో రాశారు. అది మాత్రం తప్పండీ. బట్టల చిమ్మెటకి వెలుతురంటే పడదు, బీరువా చీకట్లోనే తిరుగుతుంది, పైగా రెక్కలొచ్చాక అది ఏమీ తినదు. తినేదంతా దాని పిల్లపురుగే, తెల్లగా బియ్యంలో పురుగులా ఉంటుంది. ఒక్కో ఆడది 40, 50 గుడ్లు పెడుతుంది.

మాది విజయవాడ, సత్యనారాయణపురం. అమ్మ పెళ్లి పట్టుచీర, కాశ్మీర్ టూర్‌లో కొన్న ఉన్ని శాలువా ఒకే అరలో పెట్టాం. ఈ ఎండల్లో శాలువా ఎవరు కప్పుకుంటారు, నాలుగేళ్లు ముట్టుకోలేదు. తీసి చూస్తే జల్లెడ! చీరకి మాత్రం ఎప్పుడో పాయసం ఒలికిన చోటే చిల్లులు, మరకలంటే ఈ పురుగులకి అంత ఇష్టం. పక్కనే ఉన్న మంగళగిరి నూలు చీరల జోలికి పోలేదు, పురుగులకి కావాల్సింది ఉన్ని, పట్టుల్లో ఉండే ప్రొటీన్ కదా. గంజి పెట్టిన నూలు బట్టలు పాడైతే అది సిల్వర్‌ఫిష్ అనే వేరే పురుగు పని, వేరే గొడవ.

కలరా ఉండలు గాలి చొరబడని పెట్టెలో అయితేనే పనిచేస్తాయి, ఊరికే అరలో పడేస్తే వాసనే మిగులుతుంది. చంటిపిల్లల బట్టల్లో అస్సలు వద్దు, కొందరికి రక్తకణాలు దెబ్బతింటాయి. పురుగులు చావాలని నేను శాలువాని కవర్లో చుట్టి డీప్ ఫ్రీజర్లో మైనస్ 18 డిగ్రీల్లో వారం ఉంచాను. చీర రఫ్ఫుకి వన్‌టౌన్‌లో ఇచ్చాం, ఇంకా చేతికి రాలేదు.